బెరడు కోత లెక్కలోకి రాదు

కోతమిల్లులో ఆయనకి సొంత పేరంటూ మిగల్లేదు. ఆయన బామ్మర్ది కూడా అదే మిల్లులో చేరి, రోజుకి వందసార్లు "బావా! బావా!" అని కేకలు పెట్టేసరికి అందరి నోళ్ళకీ అదే అంటుకుంది. రంపాలకి సానపట్టే ముసలాయన ఈయనకన్నా పదేళ్ళు పెద్ద, ఆయనా బావా అనే పిలుస్తాడు. కలప కొనడానికి వచ్చే కొత్తవాళ్ళు సైతం రెండో రోజుకల్లా "బావగారున్నారా?" అంటారు. ఎవరికి బావ, ఏ వరసన బావ అని ఎవరూ అడగరు.

పదకొండేళ్ళప్పుడు బడి మానేసి ఇక్కడ పొట్టు ఊడవడానికి వచ్చాడు. ముప్పై తొమ్మిదేళ్ళయింది. చేతిలో చీపురు పోయి ట్రాలీ వచ్చింది, అంతే తేడా. దుంగని ట్రాలీ మీదకి ఎక్కించాలి, తిరిగే రంపానికి ఎదురుగా తోయాలి, కోత పడ్డాక వెనక్కి లాగాలి, మళ్ళీ తోయాలి. తోసేటప్పుడు బరువంతా కుడి మోకాలి మీద పడుతుంది. ఆ మోకాలు ఈమధ్య మాటలు నేర్చింది. పొద్దున గొణుగుతుంది, మధ్యాహ్నం సణుగుతుంది, మూడయ్యేసరికి తిట్లు లంకించుకుంటుంది.

ఆయనకి ఉన్న ఒకే ఒక పిచ్చి కోత పిచ్చి. నాలుగు కోతల్లో అయ్యే పని అయిదింట్లో చేస్తే ఆ రోజు అన్నం సహించదు. కోత పడ్డ ప్రతిసారీ రంపం మందాన కలప పొట్టయి రాలిపోతుంది కదా, అది ఆయన కంటికి దొంగతనంలా కనిపిస్తుంది. "చెట్టు అరవై ఏళ్ళు పెరిగింది, నువ్వు అరనిమిషంలో పిండి చేశావ్" అని ఎదుటివాడిని కడిగేస్తాడు. ఇంట్లో రొట్టె కోసినా, సబ్బుబిళ్ళ రెండు చేసినా ఒక కన్ను మూసి, మూడుసార్లు చూసి గానీ కత్తి పెట్టడు. "మా ఆయన గోళ్ళు కూడా కొలత చూసుకుని తీసుకుంటాడు" అని పెళ్ళాం అందరికీ చెప్పుకుని నవ్వుతుంది.

బామ్మర్దిది వేరే దారి. వాడి పేరు మిల్లులో పదో క్లాసు. చదివింది పది, కానీ చెప్పుకోవడం మాత్రం అందులో పది డిగ్రీలున్నట్టు. "పదో క్లాసు చదివినవాణ్ణి, నాకు తెలీదా?" అనకుండా వాడు మంచినీళ్ళు కూడా తాగడు. బావతో పాటే ట్రాలీకి రెండో పక్క పట్టుకుంటాడు గానీ, వాడి కళ్ళెప్పుడూ కొలతల బల్ల మీదే.

బావ కళ్ళు కూడా అక్కడే. చెప్పొద్దూ, మిల్లులో కూర్చుని చేసే పని అదొక్కటే. స్టూలు మీద కూర్చుని, టేపు పట్టి, చెక్క మీద సుద్దతో గీత గీయాలి. గీత గీసినచోట మిగతావాళ్ళు కోస్తారు. ఆ స్టూలు మీద పాతికేళ్ళుగా ఉన్న తాత ఇప్పుడు చూపు ఆనక పని మానేస్తున్నాడు. స్టూలు ఖాళీ అవుతోంది.

మిల్లు నడిపేది టీచరమ్మ. మిల్లు యజమాని అయిన తమ్ముడు ఒంట్లో బాగోక మంచం పట్టాక, లెక్కల టీచరుగా రిటైరైన ఆవిడ వచ్చి ఆఫీసు గదిలో కూర్చుంది. రంపం చప్పుడుకి చెవుల్లో దూది, కళ్ళజోడు ముక్కు చివర. మిల్లు మొత్తాన్నీ ఒక తరగతిలా చూస్తుంది. ఆలస్యంగా వస్తే కారణం కాగితం మీద రాసివ్వమంటుంది.

తాత వెళ్ళే ముందు రోజు అందర్నీ పిలిచింది.

"రేపు తాత కోసం కేకు తెప్పిస్తున్నా. గుండ్రటి కేకు, ఒక్కటే. మనం ఎనిమిది మందిమి. ఎనిమిది సమానమైన ముక్కలు కావాలి. అన్నిటికన్నా తక్కువ కోతల్లో ఎవరు కోస్తారో, కొలతల బల్ల వాళ్ళదే."

"కేకు కోస్తే ఉద్యోగం ఇస్తారా అమ్మా?" అన్నాడు వ్యాన్ డ్రైవరు.

"కొలతల బల్ల మీద ఏం చేస్తారు మరి? ఎక్కడ కొయ్యాలో చెప్తారు. అదే కదా ఇదీ?" అంది టీచరమ్మ. కళ్ళజోడు వెనక కళ్ళు కొంటెగా మెరిశాయి.

వ్యాన్ డ్రైవరు వేళ్ళు గాలిలో ఆడించి "నాలుగు" అన్నాడు. పొట్టు మూటలు కట్టే వదినా మరదళ్ళు ఇద్దరూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడి "నాలుగే" అన్నారు. ఇటు నుంచి అటు నాలుగు గీతలు, ఎనిమిది ముక్కలు. సానపట్టే ఆయన అసలు ఆలోచించనే లేదు. "నాకు స్టూలొద్దు, ముక్కొస్తే చాలు" అన్నాడు.

"రేపు మధ్యాహ్నం దాకా ఆలోచించుకోండి" అని టీచరమ్మ చెవుల్లో దూది పెట్టేసుకుంది.

ఆ సాయంత్రం బావ ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్ళాడు. బుట్టలో బంగాళాదుంపలు కనిపించాయి. కత్తిపీట వద్దని చాకు తీసుకుని నేల మీద కూర్చున్నాడు. మొదటి దుంప నాలుగు కోతలకి ఎనిమిదైంది. రెండోదీ అంతే. ఒక ముక్క మీద ఇంకోటి పేర్చి కోద్దామని చూశాడు, జారిపోయింది. పైగా క్రీము కేకుని ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఏమవుతుందో ఊహించుకుని తనే చీ అనుకున్నాడు.

"ఏమయ్యా, రేపు పెళ్ళి భోజనాలేమన్నా ఉన్నాయా? దుంపలన్నీ నరికి పోగేశావు" అంది పెళ్ళాం.

"నువ్వుండవే. నా మోకాలి సంగతి తేలేది ఇందులోనే."

అయిదో దుంపని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. పైనుంచి నిలువుగా ఒక కోత, అడ్డంగా ఒక కోత, నాలుగు ముక్కలు. దుంపని విడిపోకుండా పిడికిట్లో అలాగే పట్టుకుని చూస్తే, అది ట్రాలీ మీద పడుకున్న దుంగలా కనిపించింది. దుంగని పైనుంచి ఎవరు కోస్తారు? రంపం పక్క నుంచి వస్తుంది, నడుం మీదగా పోతుంది. చాకుని పడుకోబెట్టి దుంప నడుం మీద ఒక్కటే కోత పెట్టాడు. పిడికిలి విప్పాడు. ఎనిమిది.

ఆయన ఇంకో దుంప కోశాడు. ఇంకోటి కోశాడు. ప్రతిసారీ మూడు కోతలకి ఎనిమిదే వచ్చాయి. ఆనందం పట్టలేక బుట్టలో మిగిలినవి కూడా కోసేశాడు. అప్పుడు పెళ్ళాం చేసేదేం లేక అన్నీ కలిపి పెద్ద గిన్నెడు కూర వండింది.

అంత కూర ఇద్దరే ఎలా తింటారు? రెండిళ్ళ అవతల ఉన్న తమ్ముణ్ణి కేకేసింది. వాడు వచ్చి, బావ స్నానానికి వెళ్ళిన సమయం చూసి కంచం ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాక ఒక ముక్క వేళ్ళతో పైకెత్తి చూశాడు.

"ఇదేంటక్కా, ముక్కలన్నీ అచ్చు పోసినట్టు ఒకేలా ఉన్నాయి?"

"మీ బావే కోశాడ్రా!" అంది ఆవిడ గర్వంగా. "ఒక్కో దుంపకీ మూడంటే మూడే కోతలు. రెండు పైనుంచి, ఒకటి నడుం మీద. నీకు పదో క్లాసులో చెప్పారా ఇది?"

"చెప్పకేం" అన్నాడు పదో క్లాసు, ముక్క నోట్లో వేసుకుంటూ. ఆ రోజు కూర ఎన్నడూ లేనంత మెచ్చుకుని, రెండోసారి వడ్డించుకోకుండానే లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం రంపం ఆపేశారు. కొలతల బల్ల మీద పొట్టు తుడిచి, దాని మీద కేకు పెట్టారు. మూరకి కాస్త తక్కువ వెడల్పు, తెల్లటి క్రీము, అంచు చుట్టూ ఎనిమిది పంచదార పూలు. తాత స్టూలు మీద కూర్చుని, కనపడకపోయినా కేకు వైపు మొహం పెట్టి వాసన చూస్తున్నాడు. బావ లోపల్లోపల మాట కూడగట్టుకుంటున్నాడు. నలుగురిలో మాట్లాడాలంటే ఆయనకి నాలుక తడారిపోతుంది. గొంతు సవరించుకునేలోపే పక్కనుంచి చెయ్యి లేచింది.

"మూడు!" అన్నాడు పదో క్లాసు. "చూడండి టీచరమ్మా, ఇది జామెట్రీ. పదో క్లాసులోనే మాకు... అసలు మా మాస్టారు నన్ను చూసి ఏమన్నారంటే, ఒరేయ్ నువ్వు మిల్లులో ఉండాల్సినవాడివి కాదురా అన్నారు. ఇంజనీర్లు కూడా నన్నడిగి..."

"ఎలా మూడు?"

"పైనుంచి రెండు, నడుం మీద ఒకటి. నిన్న నాకు నిద్దర్లో తట్టింది. పడుకున్నా నా బుర్ర పని చేస్తూనే ఉంటుంది."

నిన్నటి కూర ఎవరి కంచంలో పడిందో బావకి అప్పుడు అర్థమైంది. బామ్మర్ది వైపు చూశాడు. వాడు రేకుల కప్పులో ఏదో కొత్తగా కనిపించినట్టు పైకి చూస్తున్నాడు.

"సరైన జవాబే" అంది టీచరమ్మ. "రెండు కోతలకి నాలుగు ముక్కలు మించి రావు. కాబట్టి మూడు కన్నా తక్కువలో కుదరదు."

బావ గుండె జారి సరిగ్గా కుడి మోకాలి దగ్గర ఆగింది. ఇంకెన్నేళ్ళు తోయాలో లెక్కేసుకుంటున్నాడు. అంతలో మరదలు మూతి ముడిచింది.

"నడుం మీద కోస్తే కింది ముక్కలకి క్రీమేది?"

"అవును, పువ్వేది?" అంది వదిన. "నలుగురికి పైనున్న సింగారం, నలుగురికి కిందున్న దిమ్మా? నాకొద్దమ్మా కింది ముక్క."

"నేనూ కింది ముక్క తినను" అన్నాడు వ్యాన్ డ్రైవరు. "నాకు స్టూలూ రాక, క్రీమూ రాకపోతే ఇక్కడ నిలబడ్డం దేనికి?"

"మరి ఎవరు తింటారు కింది ముక్కలు?" అన్నాడు సానపట్టే ఆయన. అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. తాత కూడా చూశాడు.

టీచరమ్మ ఇదంతా చూస్తూ పెదాలు బిగించి నవ్వాపుకుంటోంది. "సమానం అన్నాను కదా మరి. పంచాక ఎవరూ పక్కవాళ్ళ పళ్ళెంలోకి చూడకూడదు. అప్పుడే సమానం. పదో క్లాసూ, కత్తి తీసుకో. కోసి చూపించు."

పదో క్లాసు కత్తిని అటూ ఇటూ తిప్పాడు. "నేను లెక్క చెప్పేశాను కదమ్మా. కోయడం కూలి పని. బావా, నువ్వు కొయ్యి, నేను చెప్తాను."

కత్తి బావ చేతిలోకి వచ్చింది. చుట్టూ ఏడు జతల కళ్ళు, ఎదురుగా గుండ్రటిదొకటి, చేతిలో పదునైనది. ఆ క్షణంలో ఆయన బుర్రలో ఏమీ లేదు. ఒక కన్ను మూశాడు. చెయ్యి దానంతటదే కదిలింది. కేకు ఒక పక్క అంచుని రెండు వేళ్ళ మందాన తిన్నగా కోసి పక్కన పెట్టింది. పళ్ళెం తిప్పింది, రెండో పక్క కోసింది. మూడో పక్క, నాలుగో పక్క కూడా. గుండ్రటి కేకు నలుచదరంగా తయారైంది. పక్కన నాలుగు వంపు ముక్కలు వరసగా పడి ఉన్నాయి.

అప్పుడుగానీ ఆయనకి తెలియలేదు తను చేసిందేంటో. నాలుక కరుచుకున్నాడు.

"ఏంటిది?" అంది టీచరమ్మ.

"బెరడమ్మా" అన్నాడు బావ.

"కేక్కి బెరడేంటి?"

"గుండ్రటిదాన్ని బెరడు తీసి చదరం చెయ్యకుండా ఎలా కోస్తామమ్మా? ముందది తీసేసి, ఆ తర్వాతే కదా..." సగంలోనే ఆగిపోయాడు.

పదో క్లాసు ఎగిరి గంతేశాడు. "నాలుగు కోతలైపోయాయి! ఎనిమిది ముక్కలు రావాలంటే ఇంకా మూడు! ఏడు! మా బావ ఏడు, నేను మూడు! తప్పుకో బావా, స్టూలు నాది."

"ఆగరా" అన్నాడు సానపట్టే ఆయన. "బెరడు కోత ఎప్పుడు లెక్కపెట్టాం? దుంగకి ఎన్ని కోతలు పడ్డాయని ఎవరడిగినా బెరడు తీసేశాకే కదా చెప్తాం?"

"అవును, అది లెక్కలోకి రాదు" అన్నారు వదినా మరదళ్ళు ఒకేసారి.

"అది నిజమే గానీ..." అన్నాడు పదో క్లాసు, అలవాటు కొద్దీ తనూ తలూపేసి. తలూపాక గుర్తొచ్చి మెడ గట్టిగా బిగించాడు. అప్పటికే ఆలస్యమైంది, టీచరమ్మ చూసేసింది. ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని మరీ నవ్వింది. ముప్పై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషి, ఇలాంటి జవాబు ఒక్క పిల్లాడి దగ్గరా వినలేదట.

బావ మాత్రం నవ్వలేదు. ఆయన ఆ నాలుగు వంపు ముక్కల వైపే చూస్తున్నాడు. ఒక్కోదాని మీద ఒక్కో పువ్వుంది. కేకు మీద నాలుగు మూలలా నాలుగు పూలు మిగిలాయి. ఆయన కన్ను మళ్ళీ మూతపడింది. ఈసారి బుర్ర కూడా పని చేస్తోంది.

"మరదలా, మూటలు కుట్టే కొత్త దారం ఉందా? ఒక బారెడు తే."

దారాన్ని రెండు చేతులకీ చుట్టి బిగించాడు. నడుం దగ్గర పెట్టబోయి ఆగాడు. ఇంకొంచెం కిందకి దించాడు. కింద మూడో వంతు, పైన రెండు వంతులు ఉండేలా చూసి సర్రున లాగాడు. దారం అవతలికి వచ్చేసింది. కేకు కదల్లేదు. తర్వాత పైనుంచి నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి.

పైన నాలుగు మందపాటి ముక్కలు, ఒక్కోదానికీ క్రీము, ఒక మూలన పువ్వు. వాటిని నాలుగు పళ్ళేల్లో పెట్టాడు. కింద నాలుగు పలచటి ముక్కలు, క్రీము లేనివి. వాటిని మిగిలిన నాలుగు పళ్ళేల్లో పెట్టి, ఒక్కోదాని పక్కన ఒక్కో బెరడు ముక్క చేర్చాడు. బెరడు ముక్కకి పైనా క్రీమే, పక్కనా క్రీమే, నెత్తిన పువ్వు.

"తీసుకోండి. నేను ఆఖర్న తీసుకుంటా" అన్నాడు.

వదిన బెరడున్న పళ్ళెం లాక్కుంది. మరదలు మందపాటి ముక్క తీసుకుని "నాదే పెద్దది" అంది. "నా దాంట్లోనే క్రీమెక్కువ" అంది వదిన. సానపట్టే ఆయన పళ్ళు లేనివాడు, మెత్తగా ఉంటుందని బెరడు తీసుకున్నాడు. తాత రెండు పళ్ళేలూ చేత్తో తూచి చూసి, ఏది ఎక్కువో తేలక, చేతికి దగ్గరున్నది ఉంచేసుకున్నాడు. వ్యాన్ డ్రైవరు పక్క పళ్ళెంలోకి చూస్తాడేమోనని టీచరమ్మ అదే పనిగా చూసింది. వాడు తల ఎత్తితేగా.

పదో క్లాసు ముఖం మాడ్చుకునే తిన్నాడు గానీ, పళ్ళెం మాత్రం నాకినట్టు ఖాళీ చేశాడు. ఆ తర్వాత నోరు తుడుచుకుని మళ్ళీ మొదలెట్టాడు.

"పంపకం బాగుందమ్మా, కాదనను. కానీ మూడని ముందు చెప్పింది నేను. పైగా బల్ల దగ్గర పుస్తకంలో రాయాలి. బావకి రాత ఎక్కడొచ్చు? నేనైతే..."

"అంకెలు రాస్తాను" అన్నాడు బావ. "రాయడానికి కాస్త టైము పడుతుంది, అంతే. మూడని నీకు నిద్దర్లో తట్టిందా, మీ అక్క కంచంలో తట్టిందా?"

వదినా మరదళ్ళు కిసుక్కుమన్నారు. పదో క్లాసు తన ఖాళీ పళ్ళెంలోకి తొంగి చూశాడు.

టీచరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "చెక్క కోయడంలో ఇతన్ని మించినవాడు లేడు. కోతలు కోయడంలో నిన్ను మించినవాడు లేడు. స్టూలేమో ఒక్కటే. సరే, రోజుని రెండు ముక్కలు చేద్దాం. ఒకరు కొయ్యండి, రెండోవాళ్ళు ముందు ఎంచుకోండి. ఎవరి ముక్కలో వాళ్ళు స్టూలు మీద కూర్చుంటారు, మిగతా వేళ ట్రాలీ."

"నేను ఎంచుకుంటా" అన్నాడు పదో క్లాసు వెంటనే. "కోసేది బావే కదా ఎప్పుడూ."

బావ ఒక కన్ను మూశాడు. గాలిని కోసినా మూస్తాడు ఆయన. కలప కొనేవాళ్ళంతా పొద్దున పూటే వస్తారు. చెవి వెనక సుద్దముక్క పెట్టుకుని, పదిమంది ముందు స్టూలెక్కి కూర్చోవాలని బామ్మర్ది కోరిక. మిల్లులో అది తెలియనివాళ్ళు లేరు. పొద్దున తన మోకాలు గొణుగుతుందంతే, గొణుగుడు ఆయన ఓర్చుకోగలడు. మూడు తర్వాత తిట్లే ఓర్చుకోలేడు.

"పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా ఒక ముక్క. రెండు నుంచి అయిదు దాకా ఇంకో ముక్క" అన్నాడు.

"రెండు దాకానా!" పదో క్లాసు నోరు తెరిచాడు. మధ్యాహ్నం భోజనం గంట తీసేసినా అయిదు గంటలు. అటు చూస్తే మూడే. బావకి లెక్కలు రావని ఎప్పుడూ చెప్పేవాడు గానీ, మరీ ఇంత రావనుకోలేదు. "పొద్దుటిదే నాది! మాట మార్చకూడదు బావా."

"నేనెందుకు మారుస్తాన్రా" అన్నాడు బావ, మొహం వీలైనంత దిగాలుగా పెట్టి.

ఆ సాయంత్రం తమ్ముడు అక్క చెవిలో ఊదాడు. "బావని బుట్టలో వేసేశానక్కా, పాపం చెప్పకు." వాడు వెళ్ళాక మొగుడు వచ్చి ఆమె చెవిలో అదే ఊదాడు. ఆవిడ ఇద్దరి మాటా విని, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ముందు రోజు కూర గురించి చెప్పి పడ్డ తిప్పలు చాలనుకుంది.

మర్నాడు రెండింటికి బావ స్టూలు మీద కూర్చున్నాడు. సుద్దముక్క ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు చేతులు మార్చాడు. కాలు చాపి చూశాడు, బల్ల కింద చోటు బాగానే ఉంది. అవతల పదో క్లాసు చెమటలు కక్కుతూ దుంగని ట్రాలీ మీదకి ఎక్కిస్తూ "బావా, పట్టు!" అని అరిచాడు. బావ గబుక్కున లేచి రెండడుగులు వేశాడు. మరుక్షణం గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి, చుట్టూ ఎవరన్నా చూశారేమోనని చూసుకుని, మళ్ళీ కూర్చున్నాడు.